బొద్దుగా ఉన్న బాబు, గుండె గురించి భయం

వ్యాఖ్యాత: లైన్‌లో ఒక తల్లి ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం డాక్టర్ గారూ. మా బాబుకి నాలుగేళ్లు. బొద్దుగా ఉన్నాడని అందరూ ముద్దు చేస్తారు. మొన్న బరువు చూసిన నర్సమ్మ ఎత్తుకు మించి ఉందని, ముందుముందు గుండెకు మంచిది కాదని అన్నారు. అప్పటినుంచి ఒకటే టెన్షన్.

డాక్టర్: ఇప్పుడే గుండెజబ్బు వచ్చేస్తుందని కాదమ్మా. రక్తనాళాల లోపల కొవ్వు చారలు పట్టడం చిన్నతనంలోనే మొదలవుతుంది. బరువు ఎక్కువైతే బీపీ, కొలెస్ట్రాల్ పెరిగి అది ముదురుతుంది. అయితే పెద్దయ్యేసరికి మామూలు బరువుకు వచ్చినవాళ్లకు ఆ ముప్పు చాలావరకు తగ్గిపోతుంది. రోజూ ఏం తింటాడు?

శ్రోత: మేమిద్దరం పనికి పోతామండీ. మా అత్తయ్య దగ్గరుంటాడు. ఏడిస్తే బిస్కెట్లు, రోజుకు రెండు కూల్‌డ్రింకులు. పండ్లు రోజూ కొనలేం. తప్పు మాదేనా అండీ?

డాక్టర్: ఆ మాట అనకండి. తక్కువ డబ్బుకి కడుపు నింపేవి చాలావరకు చక్కెర, నూనెతో చేసినవే. అందుకే ఖర్చు పెరగని చోట మొదలుపెడదాం. 200 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో సుమారు 20 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఐదు చెంచాలు. ఈ వయసులో రోజంతా కలిపినా 25 గ్రాములు దాటకూడదు. రెండు తాగితే అక్కడికే 40 అయింది, బిస్కెట్లు ఇంకా లెక్కే వేయలేదు. మంచినీళ్లు అలవాటు చేయండి. మిగిలిన డబ్బుతో వారంలో రెండు రోజులైనా పండు వస్తుంది.

శ్రోత: తిండి తగ్గించాలా?

డాక్టర్: వద్దమ్మా, ఎదిగే పిల్లాడు. కడుపు మాడ్చకండి. బరువు ఇక్కడ నిలబడితే చాలు, ఎత్తు పెరిగేకొద్దీ సర్దుకుంటుంది. చాలన్నాక మాత్రం ఇంకో ముద్ద బలవంతంగా పెట్టొద్దు.

శ్రోత: ఆడుకోడానికి చోటు లేదండీ, ఒక్కటే గది. ఫోన్ చూస్తూ కూర్చుంటాడు.

డాక్టర్: ఈ వయసు పిల్లలు రోజుకు 180 నిమిషాలు కదలాలని, అందులో గంటసేపు ఒగర్చేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒకేసారి కానక్కర్లేదు, గదిలో పాటకు గెంతినా లెక్కే. ఫోన్ గంట దాటనివ్వకండి. బీపీ ఏడాదికోసారి చూపించండి. పిల్లల సైజు పట్టీతోనే చూడమనండి, పెద్దవాళ్లదైతే లెక్క తప్పొస్తుంది.

శ్రోత: ఇవన్నీ నేను చెబితే, పిల్లాణ్ణి మాడుస్తావా అంటారండీ అత్తయ్య.

డాక్టర్: ఆవిడ ఇంట్లో ఉన్నారా?

శ్రోత: పక్కనే ఉండి వింటున్నారండీ.

డాక్టర్: అయితే ఫోన్ ఒకసారి ఆవిడకివ్వండమ్మా.