ముందు కూడు, తర్వాత సూది

శ్రోతలకు నమస్కారం.

ఏప్రిల్ నెల సగం దాటాక ఎప్పుడైనా తెల్లవారుజామున భీమిలి దాటి, తీరం వెంబడి ఉన్న మత్స్యకార పల్లెలకు వెళ్ళారా? బోట్లన్నీ ఇసుకలోకి లాగేసి ఉంటాయి. మగవాళ్ళు కొబ్బరిచెట్ల నీడన కూర్చుని వలల చిరుగులు కుట్టుకుంటూ ఉంటారు. మామూలు రోజుల్లో బోట్లు ఒడ్డుకు వచ్చే వేళ ఒకటుంటుంది కదా, ఆ వేళకు కుక్కలు మాత్రం అలవాటు చొప్పున వచ్చేస్తాయి. నీటి అంచున కూర్చుని సముద్రం వైపు చూస్తాయి. ఎండ ఎక్కేదాకా చూసి, లేచి వెళ్ళిపోతాయి. మర్నాడు మళ్ళీ వస్తాయి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు ఇంజిన్ బోట్ల వేట ఆపేస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలం అది, ఆపాల్సిందే. ఇంజిన్ లేని తెప్పలకు మినహాయింపు ఉంది గానీ, ఆ తెప్ప తెచ్చే నాలుగు చేపలు ఇంట్లోవాళ్ళకే సరిపోవు. వేట లేని రోజులకు మత్స్యకార కుటుంబాలకు ప్రభుత్వం కొంత డబ్బు ఇస్తుంది. అది చాలుతుందా అంటే, వాళ్ళనే అడగండి, చెప్తారు. కానీ ఆ ఒడ్డునే చేపల తలలూ పేగులూ, వలలోంచి ఏరి పారేసిన చిన్నాచితకా చేపలూ తిని బతికే ప్రాణులున్నాయి. వాటికి ఈ 61 రోజుల లెక్క ఎవరు చెప్తారు?

నేను డాక్టర్ని కాను. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, ఆదివారం పూట పశువైద్యులతో కలిసి పల్లెలకు వెళ్ళే కొద్దిమందిలో నేనూ ఒకణ్ణి. టీకాల పెట్టె మొయ్యడం, పుస్తకంలో లెక్క రాయడం, అప్పుడప్పుడూ తిట్లు తినడం నా పని. ఆ అనుభవంతో పల్లెల్లోని కుక్కల గురించీ పిల్లుల గురించీ, వాటి తిండీ వైద్యం గురించీ నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

పల్లెలో కుక్కంటే పట్నంలో మాదిరి కాదు. మెడకు బెల్టు, ఇంటికొక పేరు ఉండవు. ఈ అరుగు మీద పడుకుంటుంది, ఆ ఇంట్లో తింటుంది, ఇంకో ఇంటి ముందు మొరుగుతుంది. వీధి మొత్తానికీ అదే కాపలా. మా చిన్నప్పుడు దాని తిండి గురించి ఎవరూ ఆలోచించేవారు కాదు. అన్నం వార్చిన గంజిలో ఇంత అడుగంటిన అన్నం కలిపి పెరటి గుమ్మం దగ్గర పోసేవారు, అది తాగి పోయేది. ఇంటింటికీ కుక్కర్ వచ్చాక గంజి వార్చడం పోయింది. మిగిలిన కూర ఫ్రిజ్‌లోకి, మరీ మిగిలితే ప్లాస్టిక్ కవర్లో ముడి వేసి చెత్తకుప్ప మీదకి వెళ్తోంది. కుక్క ఆ కవర్‌తో సహా మింగుతుంది. అది కడుపులో ఎక్కడ అడ్డం పడిందో తెలుసుకోవడానికి పల్లెలో ఎక్స్‌రే ఉండదు. కుక్కర్ని తప్పుపట్టడం లేదండోయ్, మా ఇంట్లోనూ ఉంది.

ఇక మా మొదటి క్యాంపు సంగతి. ఊరి మధ్యలో షామియానా వేశాం. మైకులో చెప్పించాం. ఉదయం పది గంటలకు టేబుల్ మీద సిరంజిలు పేర్చుకుని కూర్చున్నాం. మధ్యాహ్నం దాకా వచ్చినవి ఎన్ననుకున్నారు? నాలుగు. నాలుగూ మేడ ఇళ్ళవాళ్ళు గొలుసుతో పట్టుకొచ్చిన తెల్ల బొచ్చుకుక్కలు. ఎవరి కోసమైతే వెళ్ళామో ఆ కుక్కలు మైకు మోత వినగానే సరుగుడు తోటల్లోకి పారిపోయాయి. కుర్రాళ్ళు వల పట్టుకుని వెంటపడ్డారు. ఒకణ్ణి కుక్క కరిచింది. టీకా వెయ్యడానికి వెళ్ళి, టీకా వేయించుకుని వచ్చాం.

సామాన్లు సర్దుకుంటుంటే ఒక మామ్మ వచ్చింది. తలకు తువ్వాలు చుట్టుకుని, చేతిలో సొట్టలు పడ్డ సత్తు గిన్నె. "ఏటి బాబూ, సదువుకున్నోళ్ళు, కుక్కని తరిమితే వొస్తాదేటి? ముందు కూడెట్టాల. ఆనక సూది" అంది. సాయంత్రం తన వాకిట్లోకి రమ్మంది. వెళ్ళాం. ముందు రోజు అన్నంలో ఎండు నెత్తళ్ళు నలిపి కలిపింది. గిన్నె అంచు మీద గరిటెతో రెండు దెబ్బలు కొట్టింది, అంతే. ఎక్కడెక్కడివో ఏడు కుక్కలు వచ్చాయి. ఆమె వాటి పక్కనే గొంతుక్కూర్చుని, ఒక్కోదాని మెడ మీద చెయ్యి వేసి ఏదో తిడుతూ ఉంది. డాక్టరుగారు వెనక నుంచి వచ్చి, తొడ దగ్గర చర్మం కింద సూది పొడిచి తీసేశారు. ఆ కుక్క గిన్నెలోంచి మూతి ఎత్తలేదు. ఏడింటికీ పది నిమిషాలు పట్టింది.

ఆ రోజు నుంచి మేము షామియానా మానేశాం. ఏ ఊరు వెళ్ళినా మొదటివారం టీకాలు తీసుకుపోం. ఏ వీధిలో ఎవరి చేతి కూడు కుక్కలు తింటున్నాయో కనుక్కుంటాం, అంతే. ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ఎక్కువగా ఒంటరి ఆడవాళ్ళు, టీ కొట్టువాళ్ళు, బడిలో వంట చేసేవాళ్ళు. వాళ్ళకు బియ్యం నూకలు, చోడిపిండి, ఎండు చేపలు ఇస్తాం. రెండు మూడు వారాలు గడిచాక, వాళ్ళు పెట్టే వేళకు డాక్టరుతో వెళ్తాం.

ఇక్కడ నా మాట కొంచెం కరుకుగా ఉండొచ్చు. తిండి పెట్టి, ఫొటో తీసుకుని, టీకా సంగతి పట్టించుకోకుండా వెళ్ళిపోయేవాళ్ళు సగం పనే చేస్తున్నారు. ఆ సగం పనితో ఊరికి చిక్కు కూడా తెస్తున్నారు. తిండి ఉన్నచోట కుక్కలు చేరతాయి, పిల్లలు పెడతాయి. ఒకావిడ నన్ను నిలదీసి అడిగింది: "మా పిల్లాణ్ణి కరిసింది. మీరు దానికి అన్నం ఎడతారా?" ఆమె కోపంలో తప్పేముంది? నేను ఆమెతో వాదించలేదు. పిల్లాడికి టీకాలన్నీ పూర్తయ్యాయా అని అడిగాను. మూడోది వేయించలేదట. మర్నాడే పంపించాను. జంతు జనన నియంత్రణ నిబంధనలని 2023లో కొత్తగా వచ్చాయి. వాటిలో కూడా ఉంది, పిల్లలు ఆడుకునే చోటికీ, జనం వచ్చిపోయే దారికీ దూరంగా ఒక చోటు చూసి తిండి పెట్టాలని. బడి గేటు ముందు బిస్కెట్లు విసిరేవాళ్ళు ఇది గమనించాలి. అసలు ఆ తీపి బిస్కెట్లే మానేస్తే ఇంకా మంచిది.

రేబిస్ గురించి రెండు ముక్కలు. నలభై ఏళ్ళు దాటినవాళ్ళకు బొడ్డు చుట్టూ 14 సూదులు గుర్తుండే ఉంటాయి. ఆ భయంతోనే చాలామంది కుక్క కరిచినా ఇంట్లో చెప్పేవారు కాదు. ఆ పాత మందును మన దేశంలో 2004 చివరికల్లా ఆపేశారు. ఇప్పుడు చేతికే వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో కరిచిన రోజున ఒకసారి, తర్వాత 3, 7, 28 రోజుల్లో. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. కోర దిగి రక్తం వస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు కూడా వెయ్యాలి, అది అడిగి వేయించుకోండి. ఈ జబ్బు లక్షణాలు ఒకసారి బయటపడ్డాక బతికించే వైద్యం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 59 వేల మంది దాకా దీనితో పోతున్నారు. వాళ్ళలో పిల్లలు చాలామంది.

కరవగానే చెయ్యాల్సింది ఒక్కటే. కుళాయి కిందో, చెంబుతో పోసుకుంటూనో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపూ కారమూ సున్నమూ కాఫీపొడీ పెట్టకండి. పదిహేను నిమిషాలంటే అందరూ రెండు నిమిషాల్లో అయిపోయిందనుకుంటారు. నేను మీకు నమస్కారం చెప్పి ఎంతసేపైంది? ఆరేడు నిమిషాలు అయుంటుంది. ఇప్పటిదాకా కడిగితే ఇంకా సగమే అయినట్టు. నా మాటలు పూర్తయ్యేదాకా నీళ్ళు పోస్తూనే ఉండాలి.

మనుషులకు వేసే టీకా కరిచాక. కుక్కకు వేసేది కరవక ముందే. మూడు నెలల వయసులో ఒకటి, తర్వాత డాక్టరు చెప్పినప్పుడు ఇంకొకటి, ఆపైన ఏడాదికోటి. ఒక ఊళ్ళో వంద కుక్కలుంటే డెబ్భైకి టీకా పడితే ఆ ఊళ్ళో జబ్బు ఒకదాన్నించి ఇంకోదానికి పాకడం ఆగుతుంది. ఈ డెబ్భై లెక్క దగ్గరే మా తంటా అంతా. మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, అందుకే ఆ పెట్టె నా భుజం దిగదు. టీకా పడ్డ కుక్కకు గుర్తుగా నుదుట రంగు చుక్క పెడతాం. పద్మనాభం వైపు ఒక ఊళ్ళో పిల్లలు ఇది చూసి ముచ్చటపడ్డారు. మేము టీ తాగి వచ్చేసరికి ఊళ్ళో కుక్కలన్నిటికీ కుంకుమ బొట్లు. రెండు మేకలకు కూడా. ఆ రోజు లెక్క ఎంత కొట్టినా తేలలేదు.

టీకాతో పాటు మిగతా వైద్యమూ జరుగుతుంది. పిడుదులు, గజ్జి, పురుగు పట్టిన పుళ్ళు, నులిపురుగులు. కుక్కపిల్లలు వాంతులతో, నెత్తురు విరేచనాలతో రెండు మూడు రోజుల్లో పోతుంటాయి. దిష్టి అంటారు. చాలాసార్లు అది పార్వో అనే వైరస్. ఆరు వారాల వయసు దాటినప్పటి నుంచి టీకా ఉంది. ఇంకొకటి, చెప్పడానికి కాస్త మొహమాటమే గానీ చెప్పాలి. ఊరకుక్కలకు మర్మాంగం దగ్గర కాలీఫ్లవర్ పువ్వులా కంతి లేచి, రక్తం బొట్లు బొట్లుగా కారుతుంది. చూసినవాళ్ళు రాళ్ళతో కొడతారు. అది జత కట్టేటప్పుడు ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు అంటుకునే క్యాన్సర్. మనుషులకు రాదు. వారానికో సూది చొప్పున కొన్ని వారాలు వేస్తే చాలావాటికి పూర్తిగా నయమవుతుంది. ఆ మందు పేరు విన్‌క్రిస్టిన్. దాన్ని తీసేది బిళ్ళగన్నేరు మొక్క నుంచి. మామ్మ ఇంటి చుట్టూ ఇసుకలో నీళ్ళు పొయ్యకపోయినా పూసే ఆ ఊదా పువ్వుల మొక్కే. ఆకు నూరి పెట్టేరు సుమా, అది విషం. మందు డాక్టరే వెయ్యాలి.

పిల్లుల దగ్గర నాకొక బాధ మిగిలింది. మత్స్యకారుల ఇళ్ళల్లో పిల్లి ముద్దుకు పెంచుకునేది కాదు, వలలు కొరికే ఎలుకల మీద కాపలా. ఒకాయన తన పిల్లికి ఒళ్ళు కాలుతోందని, పాపం, సగం పారాసిటమాల్ మాత్ర పాలల్లో కలిపి తాగించాడు. మేము వెళ్ళేసరికి దాని మొహం ఉబ్బిపోయి ఉంది. చిగుళ్ళు చాక్లెట్ రంగుకు తిరిగాయి. ఆ మాత్రను విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు. సగం మాత్ర చాలు చంపడానికి. "పిల్లలకి ఏసే మందే కదా బాబూ" అని ఆయన పదిసార్లు అన్నాడు. వింటున్నవాళ్ళు ఈ ఒక్క మాట ఇంకో నలుగురికి చెప్పండి.

తిండిలో జాగ్రత్తలు పెద్దగా ఏమీ లేవు. ఎండు చేపల్ని ఓ పూట నీళ్ళల్లో నానేసి ఉప్పు పోగొట్టాలి. ఉల్లిపాయ వేసిన కూర వద్దు, వాటి నెత్తురు పాడవుతుంది. ఉడికిన కోడి ఎముక పెళుసుగా చీలి గొంతులో గుచ్చుకుంటుంది. చోడి అంబలి, కాస్త అన్నం, గుడ్డు ఉంటే గుడ్డు. తిండి కంటే ముందు, వేసవిలో ఒక మట్టి మూకుడు నిండా నీళ్ళు. ఇక ఆవుకో మేకకో ఒంట్లో బాగోకపోతే 1962కి ఫోన్ చెయ్యండి, పశువుల అంబులెన్స్ వస్తుంది.

ఆడకుక్కలకు ఆపరేషన్ చేయించడం మాత్రం మాకు ఇంకా చేతకావడం లేదు. ఈత ఈతకూ మధ్య ఆరేడు నెలలే, కడుపు మొయ్యడం రెండు నెలలే. పట్నానికి తీసుకెళ్ళి, ఆపరేషన్ చేయించి, గుర్తుగా చెవికి గాటు పెట్టించి, తిరిగి అదే వీధిలో దింపాలి. వేరే వీధిలో దింపితే అక్కడి కుక్కలు బతకనివ్వవు. బండి ఖర్చుకే మా చందాలు అయిపోతున్నాయి.

కిందటేడు జూన్ 15 తెల్లారగట్ల మామ్మ ఊరికి వెళ్ళాం. రాత్రే బోట్లు కదిలాయి. మామ్మ ఎప్పటిలాగే అన్నంలో నెత్తళ్ళు కలిపి, గిన్నె మీద గరిటెతో కొట్టింది. ఒక్క కుక్కా రాలేదు. మళ్ళీ కొట్టింది. ఒడ్డు వైపు చూస్తే ఏడూ అక్కడున్నాయి, మొదటి బోటు చుట్టూ తోకలాడిస్తూ, పచ్చి చేపల తలల కోసం. 61 రోజులు ఆమె చేతి కూడు తిన్నవి ఒక్కటీ వెనక్కి తిరిగి చూడలేదు. "ఇశ్వాసం లేని జాతి! కుక్కకి ఇశ్వాసమని ఎవడు సెప్పేడ్రా?" అని శాపనార్థాలు పెట్టింది. నేను టీకాల పెట్టె దించి అరుగు మీద పెట్టాను.

"ఏటి కూకున్నావ్? పద. ఆటి నోట్లో సేప ఉన్నప్పుడే పొడిసీమను" అంటూ చీర చెంగు బిగించి, సత్తు గిన్నె అక్కడే వదిలేసి, ఆమె ఇసుకలోకి ముందు నడిచింది.

నమస్కారం.