బొమ్మ తుపాకీతో విమానం హైజాక్... బహుమతిగా ఎమ్మెల్యే టికెట్!

హైజాక్ అనగానే మీకు కాందహారే గుర్తొస్తది కదా? ఒక్క నిమిషం ఆగండి. మన దేశంలో విమానం హైజాక్ చేసినోళ్లిద్దరు ఎమ్మెల్యేలయ్యారు! మళ్లీ చెప్తున్నా, ఎమ్మెల్యేలు!

1978 డిసెంబర్ 20, ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఐసీ 410, కలకత్తా నుంచి లక్నో మీదుగా ఢిల్లీ వస్తోంది. ముందురోజే మాజీ ప్రధాని ఇందిరమ్మని, సభా హక్కుల ఉల్లంఘన కింద లోక్‌సభ నుంచి తీసేసి, తీహార్ జైలుకి పంపారు. భోలానాథ్ పాండే, దేవేంద్ర పాండే అని ఇద్దరు యూత్ కాంగ్రెస్ కుర్రాళ్లు లేచి విమానాన్ని ఆధీనంలోకి తీసుకున్నారు, ఇందిరమ్మని వదిలేయాలి, ఆమె కొడుకు సంజయ్ గాంధీ మీద కేసులు ఎత్తేయాలి అని డిమాండ్, నేపాల్ పోనిమ్మంటే ఫ్యూయల్ చాలదని చివరికి వారణాసిలో దింపారు, యూపీ సీఎం రామ్ నరేశ్ యాదవ్ స్వయంగా వచ్చి బతిమాలాల్సొచ్చింది. తెల్లారాక ఇద్దరూ ఇందిరమ్మకి జిందాబాద్ కొట్టుకుంటూ దిగారు.

ఇంతా చేసి వాళ్ల చేతిలో ఉన్నదేంటి? బొమ్మ పిస్టల్, క్రికెట్ బంతి! బంతినే గ్రెనేడ్ అని చూపించారు.

"బొమ్మే కదా బ్రో, ఎవరికీ ఏం కాలేదు కదా" అనేవాళ్లున్నారు చూడండి, వాళ్ల మీదే నాకు మండుతది. లోపల 130 మందికి పైగా ఉన్నారు, అది బొమ్మని వాళ్లకేం తెలుసు? రాత్రంతా పిల్లల్ని పట్టుకుని కూర్చున్న తల్లికి అది నిజం తుపాకీయే!

1980లో కాంగ్రెస్ మళ్లీ గెలిచింది, కేసు వాపస్ అయింది, ఇద్దరికీ యూపీ అసెంబ్లీ టికెట్లిచ్చారు, ఇద్దరూ గెలిచారు. నా థియరీ ఏంటంటే, మన దేశంలో హైజాకింగ్‌కి భయం పోయింది సరిగ్గా అక్కడే. 1981లో వేరేవాళ్లు కిర్పాణ్‌లు (సిక్కులు పెట్టుకునే కత్తులు) పట్టుకుని ఇంకో విమానాన్ని లాహోర్ తీసుకుపోయారు, 1984లో మళ్లీ లాహోరే! హైజాకింగ్‌కని ప్రత్యేక చట్టం వచ్చిందే 1982లో. ఇప్పుడున్న 2016 చట్టంలో ఎవరూ చావకపోయినా జీవిత ఖైదు, అదీ బతికున్నంత కాలం. అప్పుడు వీళ్లు పోయింది అసెంబ్లీకి!

ఇంకోటి, 1980 జనవరిలో ఇందిరమ్మ మన మెదక్ నుంచి కూడా ఎంపీగా గెలిచింది, వీళ్ల టికెట్లు ఆ తర్వాత కొన్ని నెలలకే. అప్పుడు మెదక్‌లో ఓటేసిన పెద్దోళ్లు మీ ఇంట్లో ఉంటే ఇవాళే అడగండి, ఈ హైజాకర్ల టికెట్ల సంగతి వాళ్ల చెవిన అసలు పడిందా లేదా అని. ఏమన్నారో కింద రాయండి, నేను ప్రతి ఒక్కటీ చదువుతా.