గొంతు చూసే డాక్టర్లు నోరెందుకు చూడరు?

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈసారి మనతో ఉన్న డాక్టర్ గారు విశాఖలో ఫ్యామిలీ మెడిసిన్ చదివే జూనియర్ డాక్టర్లకు పాఠాలు చెప్తారు. మేడమ్, సూటిగా అడిగేస్తాను. పళ్లకు వేరే డాక్టర్లున్నారు కదా, మీవాళ్లకు నోటి గురించి నేర్పడం దేనికి?

డాక్టర్: పన్ను నొప్పి వస్తే మనవాళ్లు ముందు వెళ్లేది డెంటిస్ట్ దగ్గరికి కాదండి. మొదట లవంగం, తర్వాత మెడికల్ షాపు, ఇంకా తగ్గకపోతే వీధి చివర క్లినిక్. షుగర్ మందులకి నెలనెలా మా దగ్గరికొచ్చే మనిషి డెంటిస్ట్ గడప ఒక్కసారి కూడా తొక్కి ఉండకపోవచ్చు. ఆ నోట్లోకి తొంగిచూసే అవకాశం ఉన్నది మాకే. అయినా చూడం. "ఆ... అనండి" అంటాం, నాలుక అదిమి టార్చి నేరుగా గొంతులోకి వేస్తాం. మధ్యలో ఉన్నదంతా వదిలేస్తాం.

హోస్ట్: మరి క్లాసులో ఎక్కడ మొదలుపెడతారు?

డాక్టర్: కట్టుడు పళ్లు తీయించడంతో. నవ్వకండి! పెద్దవాళ్లను "పళ్ల సెట్టు తీయండి" అని అడగడానికి జూనియర్లకి మహా మొహమాటం. దాని కింద పుండు ఉంటే ఎలా కనబడుతుంది? ఆ తర్వాత పెదవుల లోపలివైపు, బుగ్గలు, చిగుళ్లు. నాలుక కొసని గాజుగుడ్డతో పట్టుకుని అటూ ఇటూ లాగి పక్కలు చూడాలి, పైకెత్తించి కింద చూడాలి. గుట్కా, ఖైనీ అదిమిపెట్టుకునే సందు ఉంటుంది చూడండి, బుగ్గకీ చిగురుకీ మధ్య, అక్కడ వేలు పెట్టి తడమాలి. చివరికి అంగిలి. అలవాటైతే రెండు నిమిషాలు కూడా పట్టదు.

హోస్ట్: వక్క, గుట్కా నమిలేవాళ్లకి నోరే సరిగ్గా తెరుచుకోదంటారు...

డాక్టర్: అవును. పేషెంట్ మూడు వేళ్లు నిలువుగా ముందు పళ్ల మధ్య పట్టాలి. పట్టడం లేదంటే నోటి లోపలి పొర బిగుసుకుపోతోందని అనుమానించాలి. అది ముందుముందు క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఉన్న జబ్బు. పరికరాలేం అక్కర్లేదు కదా, మా జూనియర్లకి ఈ పరీక్ష బాగా నచ్చుతుంది.

హోస్ట్: అంగిలి అన్నారు కాబట్టి అడుగుతున్నాను. మాది శ్రీకాకుళం వైపు. మా అమ్మమ్మ చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకునేది.

డాక్టర్: అడ్డపొగ! మేం క్లాసులో ఎక్కువసేపు మాట్లాడేది దాని గురించే. ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా ఆడవాళ్లలో ఉన్న అలవాటు. పని చేసుకుంటూ కాల్చొచ్చు, గాలికి ఆరిపోదు, నుసి మీద పడదు. అమ్మను చూసి కూతురికీ వస్తుంది. కానీ నిప్పు సెగంతా అంగిలికే తగులుతుంది. 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో ఒక పేపర్ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది పల్లెవాసుల అంగిళ్లు చూసి రాసింది. మిగతా చోట్ల గట్టి అంగిలి మీద క్యాన్సర్ అరుదు. ఇక్కడ అలా కాదు.

విదేశీ పుస్తకాల్లో ఏముంటుందంటే, పైపు కాల్చేవాళ్లకి అంగిలి తెల్లగా మందమై, మధ్యమధ్య ఎర్ర చుక్కలు వస్తాయి, మానేస్తే పోతుంది, పెద్దగా భయపడక్కర్లేదు అని. అది చదివిన కుర్ర డాక్టర్ అడ్డపొగ కాల్చే పెద్దావిడ నోరు చూసి "ఏం లేదులే అమ్మా" అని పంపేస్తే కష్టం. అందుకే "చుట్ట కాలుస్తారా?" అని ఊరుకోవద్దు, "నిప్పు ఎటువైపు పెట్టుకుంటారు?" అని కూడా అడగమంటాను. రెండు వారాలైనా మానని పుండు, గీకినా పోని తెల్ల మచ్చ, కారణం తెలియని ఎర్ర మచ్చ, వీటిలో ఏది కనిపించినా పెద్దాసుపత్రికి పంపాల్సిందే. ఎర్ర మచ్చైతే ఇంకా తొందరపడాలి.

హోస్ట్: మామూలు టార్చి వేసి చూస్తే అంత ఉపయోగం ఉంటుందా? నాకు కాస్త అనుమానమే.

డాక్టర్: తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలైన పెద్ద పరిశోధన ఉంది. శిక్షణ తీసుకున్న ఆరోగ్య కార్యకర్తలు నోరు కంటితో చూసి పరీక్షించారు. వాళ్లు డాక్టర్లు కారు, డెంటిస్టులూ కారు. 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ చావులు దాదాపు మూడో వంతు తగ్గాయి. వాళ్లు చేయగలిగింది ఎంబీబీఎస్ చదివిన మనిషి చేయలేడా?

హోస్ట్: మరి మెడికల్ కాలేజీలో ఇదంతా చెప్పరా?

డాక్టర్: బాల్టిమోర్‌లో 1840లో మొదటి డెంటల్ కాలేజీ పెట్టిన దగ్గర్నుంచీ ఈ రెండు చదువులూ వేర్వేరు దారులు పట్టాయి. మన దగ్గర 2019లో వచ్చిన ఎంబీబీఎస్ సిలబస్‌లో పుచ్చు పళ్లు, చిగుళ్ల జబ్బులు, నోటి క్యాన్సర్ లాంటివి పెట్టారు. కాగితం మీద బాగానే ఉంది. కానీ మార్కులు తెచ్చిపెట్టని పాఠాన్ని ఏ విద్యార్థి సీరియస్‌గా తీసుకుంటాడు చెప్పండి?

అమెరికాలో ఫ్యామిలీ మెడిసిన్ అధ్యాపకుల సంఘం 2005లో స్మైల్స్ ఫర్ లైఫ్ అనే కోర్సు తయారుచేసింది. ఆన్‌లైన్‌లో ఉచితం. నేను మావాళ్లతో చదివిస్తాను, అయితే ఒక జాగ్రత్త చెప్పి మరీ. అక్కడ పసిపిల్లలకి మొదటి పన్ను రాగానే ఫ్యామిలీ డాక్టరే పళ్లు పుచ్చకుండా ఫ్లోరైడ్ పూత వేయాలంటారు. నీళ్లలో ఫ్లోరైడ్ తక్కువున్న ఊళ్లలో చుక్కల మందు కూడా రాస్తూ వచ్చారు. మన నల్లగొండ, కనిగిరి వైపు బాధ దానికి పూర్తిగా ఉల్టా, నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కదా! పూతలో ఒంట్లోకి పోయేది కొంచెమే, దాన్ని డెంటిస్ట్‌తో మాట్లాడి చూడొచ్చు. మింగే ఫ్లోరైడ్ జోలికి మాత్రం నల్లగొండ లాంటి చోట పోకూడదు. ముందు ఇంట్లో ఏ నీళ్లు తాగుతున్నారో అడగాలి. పేస్టు అయితే మూడేళ్లలోపు పిల్లలకి బియ్యపు గింజంత చాలు.

హోస్ట్: మీరు రాసే మందుల వల్ల కూడా నోట్లో ఇబ్బందులు వస్తాయని విన్నాను.

డాక్టర్: బీపీకి ఆమ్లోడిపిన్, ఫిట్స్‌కి ఫెనిటోయిన్, వీటితో కొందరికి చిగుళ్లు వాచి పళ్ల మీదికి పెరుగుతాయి. మందు రాసింది మేం, పేషెంటేమో బ్రష్ మారుస్తూ కూర్చుంటాడు! ఎముకలు గుల్లబారాయని జోలెడ్రానిక్ యాసిడ్ లాంటి ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు పళ్లు చూపించుకోమనాలి. ఆ తర్వాత పన్ను పీకితే ఒక్కోసారి దవడ ఎముక మానదు. ఇంకోటి, పన్ను పీకించుకోవాలని గుండె జబ్బు ఉన్నవాళ్లు సొంతంగా ఆస్పిరిన్ ఆపేస్తుంటారు. మామూలుగా ఒక పన్నుకి అది ఆపక్కర్లేదు.

షుగర్ ఉన్నవాళ్లకి చిగుళ్ల జబ్బు బాగుచేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష అంకె, సగటున 0.4 దాకా తగ్గుతుందని తేలింది. అంటే ఇంకో మాత్ర పెంచే ముందు చిగుళ్లు ఓసారి చూడటం లాభమే.

హోస్ట్: పన్ను నొప్పికి యాంటీబయాటిక్ వేసుకుంటే రెండ్రోజుల్లో తగ్గుతుంది కదా, అందరూ చేసేది అదే.

డాక్టర్: దాని మీదే నా గొడవంతా. పంటి లోపల నరం వాచి నొప్పి పుడితే దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. కిడ్నీ, అల్సర్ సమస్యలు లేనివాళ్లకి ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ కలిపి ఇస్తే నొప్పి బాగా అదుపులో ఉంటుంది, ఈలోగా డెంటిస్ట్ దగ్గరికి వెళ్లాలి. జ్వరం ఉండి, వాపు పాకుతుంటే అప్పుడు యాంటీబయాటిక్ సంగతి. గడ్డం కింద గట్టిగా వాచి, నాలుక పైకి లేచి, ఉమ్మి కూడా మింగలేకపోతున్నారంటే ఒక్క క్షణం ఆగకూడదు. డెంటల్ క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ కాదు, 108కి ఫోన్. ఊపిరి ఆగిపోయే ప్రమాదం. అమెరికాలో మేరీల్యాండ్‌లో 2007లో 12 ఏళ్ల అబ్బాయి పుచ్చు పన్ను ఇన్ఫెక్షన్ మెదడుకి పాకి చనిపోయాడు. ఆ దేశమంతా ఉలిక్కిపడింది.

హోస్ట్: ఆఖరి ప్రశ్న. కడుపుతో ఉన్నవాళ్లు కాన్పయ్యేదాకా పళ్లు ముట్టుకోకూడదా?

డాక్టర్: ముట్టుకోవచ్చు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య ఇంకా వీలుగా ఉంటుంది. ఇక్కడ తప్పు సగం మాది. "డెంటిస్ట్‌కి చూపించండి" అని ఒక ముక్క రాసి పంపిస్తాం. అక్కడ వాళ్లు గర్భిణి అని భయపడి కాన్పయ్యాక రమ్మంటారు. అందుకని మా జూనియర్లతో చీటీ వివరంగా రాయిస్తాను. ఎన్నో నెల, బీపీ ఎంత, మత్తుకి లిగ్నోకైన్ ఇవ్వొచ్చు, నొప్పికి పారాసెటమాల్ ఇవ్వొచ్చు, అవసరమైతే ఏప్రాన్ కప్పి పంటి ఎక్స్-రే తీయొచ్చు. కింద ఫోన్ నంబరు కూడా.

హోస్ట్: మా చెల్లికి ఐదో నెల. పన్ను లాగుతోందని నెల నుంచి ఒకటే గోల. ఈ ఎపిసోడ్ లింకు పంపిస్తాను.

డాక్టర్: లింకు సరే, ముందు వాళ్ల డాక్టర్ దగ్గర చీటీ రాయించుకుని ఈ వారమే వెళ్లమనండి.