కసెర్తా వెళ్తే ముందు నీళ్ల దగ్గరకు వెళ్లండి

[దృశ్యం: కొండ మీద నుంచి దూకుతున్న నీళ్లు. కెమెరా మెల్లగా కిందికి దిగుతుంది.]

నమస్తే అండీ. ఈ జలపాతం చూడండి. దాదాపు 80 మీటర్ల ఎత్తు నుంచి దూకుతోంది. చూసినవాళ్లకు ఎప్పటి నుంచో ఉన్న కొండవాగే అనిపిస్తుంది. కానీ ఈ నీళ్లు ఈ కొండవి కావు. 38 కిలోమీటర్ల కాలువ తవ్వి, వేరే కొండ దగ్గరి ఊటల నుంచి తెచ్చినవి.

ఇది దక్షిణ ఇటలీలోని కసెర్తా. నేపుల్స్ నుంచి రైలెక్కితే గంటలోపే వచ్చేస్తుంది. ఊరి పేరెత్తితే ఎవరైనా రాజమహల్ గురించే చెబుతారు. 1,200 గదులు, 1,742 కిటికీలు! అవీ చూద్దాం. కానీ నా మాట వింటే ముందు నీళ్లు చూడండి, గదులు తర్వాత.

[దృశ్యం: నేపుల్స్ తీరం, దూరంగా వెసూవియస్ అగ్నిపర్వతం.]

అసలు ఇక్కడ మహల్ ఎందుకు కట్టారు? 1742లో ఇంగ్లిష్ యుద్ధనౌకలు నేపుల్స్ ముందుకొచ్చి నిలబడ్డాయి. మా శత్రువులకు సాయం మానకపోతే నగరం మీద ఫిరంగులు పేలుస్తామని బెదిరించాయి. నేపుల్స్‌ను ఏలుతున్న బోర్బన్ వంశపు రాజు చార్లెస్ తలవంచక తప్పలేదు. సముద్రం ఒడ్డున కూర్చుంటే ఎప్పటికైనా ఇదే గతి అని అర్థమైంది. అందుకే తీరానికి దూరంగా ఈ మైదానాన్ని ఎంచుకుని, 1752 జనవరి 20న, తన పుట్టినరోజు నాడు, పునాదిరాయి వేయించాడు. కట్టించే పని వాస్తుశిల్పి లుయీజీ వాన్‌విటెల్లికి అప్పజెప్పాడు.

1759లో స్పెయిన్ సింహాసనం దక్కడంతో చార్లెస్ వెళ్లిపోయాడు. ఇంత పెద్ద మహల్ మొదలుపెట్టిన మనిషి ఇందులో ఒక్క రాత్రి కూడా నిద్రపోలేదు. వాన్‌విటెల్లి కూడా 1773లో పని పూర్తికాకుండానే కన్నుమూశాడు. మిగిలింది కొడుకు కార్లో చేతికొచ్చింది. కానీ నీళ్లు మాత్రం 1762లోనే వచ్చాయి. వాన్‌విటెల్లి కళ్లారా చూసుకున్నాడు.

[దృశ్యం: లోయకు అడ్డంగా మూడు వరసల కమానులు.]

పంపు లేదు, మోటారు లేదు. అంత దూరమూ నేల వాలును పట్టుకునే నీళ్లు రావాలి. వాలు ఎక్కువైతే ఒరిపిడికి కాలువ దెబ్బతింటుంది, తక్కువైతే నీళ్లు నిలిచిపోతాయి. కాలువ చాలావరకు భూమి లోపలే నడుస్తుంది. మద్దలోని అనే ఊరి దగ్గర లోయ అడ్డం వచ్చింది. అక్కడ 529 మీటర్ల పొడవు, దాదాపు 56 మీటర్ల ఎత్తున ఈ వంతెన కట్టారు. మహల్ కంటే నాకు ఇదే గొప్పగా కనిపిస్తుంది. కింద నిలబడి మెడ ఎత్తి చూడాలి, అప్పుడు తెలుస్తుంది. ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ కట్టడాల కోసం ఖైదీల చేత, సముద్రం మీద పట్టుకొచ్చిన ముస్లిం బానిసల చేత పని చేయించారు. గైడ్ చెప్పకపోయినా మీరు అడగండి.

[దృశ్యం: జలపాతం అడుగున కొలను. శిల్పాలు దగ్గరగా.]

ఇప్పుడు మళ్లీ జలపాతం దగ్గరకు. కొలనులో రెండు శిల్ప బృందాలు. ఒక పక్క స్నానానికి దిగిన డయానా దేవత, చుట్టూ చెలికత్తెలు. రెండో పక్క వేటగాడు ఆక్టియన్. దేవతను చూడకూడని వేళ చూశాడు, ఆమె శాపం పెట్టింది. అతని తల చూడండి, అప్పటికే జింక తల. ఒళ్లు మాత్రం ఇంకా మనిషిదే. తను పెంచుకున్న వేటకుక్కలే మీద పడుతున్నాయి. ఒక్కో కుక్కనూ ఆగి చూడండి. ఏ రెండూ ఒకేలా ఉండవు. ఇక్కడే పక్కన ఇంగ్లిష్ తోట ఉంది, చార్లెస్ కోడలు, రాణి మరియా కరోలినా 1786లో మొదలుపెట్టించింది. నీడ కావాలంటే అందులోకి వెళ్లండి. మహల్ నుంచి ఇక్కడికి దాదాపు 3 కిలోమీటర్లు, దారిలో నీడ తక్కువ. ఎండాకాలం ఉదయమే గేటు దగ్గర ఉండండి. నడవలేని పెద్దవాళ్లు వెంట ఉంటే లోపల తిరిగే బస్సు ఎక్కించండి.

[దృశ్యం: మహల్ ప్రధాన మెట్లు, కింద నుంచి పైకి.]

ఇక మహల్. మొత్తం చూడాలని పరుగులు పెట్టకండి. ఈ మెట్ల మీద నిలబడండి చాలు. 116 మెట్లు. మధ్యలో రెండుగా చీలిపోతాయి, రాతి సింహాలు కాపలా. ఇప్పుడు తలెత్తండి. పైకప్పు ఒకటి కాదు, రెండు. వాటి మధ్య వాద్యకారులు కూర్చునే చోటుంది. రాజు మెట్లెక్కుతుంటే సంగీతం వినిపించేది, వాయించేవాళ్లు మాత్రం కనిపించేవాళ్లు కాదు. 1945 ఏప్రిల్ 29న ఇటలీలోని జర్మన్ సేనలు లొంగిపోతున్నట్టు సంతకం చేసింది కూడా ఈ మహల్‌లోనే. ఆ ఇటలీ యుద్ధంలో భారత సైనికులు కూడా ప్రాణాలిచ్చారు. మహల్‌కు మంగళవారం సెలవు, అది చూసుకుని టికెట్ తీసుకోండి. స్టేషన్ బయటికి రాగానే ఎదురుగానే కనిపిస్తుంది, టాక్సీ అక్కర్లేదు.

[దృశ్యం: పాత పట్టు మగ్గాలు.]

సాయంత్రం టైమ్ మిగిలితే సాన్ లెయూచో వెళ్లండి. పక్కనే కొండ మీద ఉంది. చార్లెస్ తర్వాత రాజైన ఆయన కొడుకు ఫెర్డినాండ్ పట్టు నేతగాళ్ల కోసం పెంచిన ఊరు. 1789లో ఆ ఊరికంటూ ఒక చట్టం రాయించాడు. పిల్లలందరూ బడికి పోవాల్సిందే. ఆస్తిలో కొడుక్కీ కూతురికీ సమాన వాటా. ఇక కట్నం ఉండకూడదు. పెళ్లయిన జంటకు ఇల్లు, కావలసిన సామాను రాజే ఇస్తాడు. ఇరవై ఒకటో శతాబ్దంలో కూడా కట్నం లెక్కలు వింటున్న మనం ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి అండీ.

[దృశ్యం: మెట్ల కింద నీటి చక్రం.]

మగ్గాలు చూశాక కిందికి దిగండి. పట్టు దారం పురి పెట్టే యంత్రాలను తిప్పిన నీటి చక్రం అక్కడుంది. దాని మీద పడింది కూడా ఆ 38 కిలోమీటర్ల కాలువ నీళ్లే.