ఎరువు బస్తా మీది అంకెలు

అందరికీ నమస్కారం.

పదో తరగతి పిల్లలకు రేఖీయ సమీకరణాల జత ఇస్తే చాలు, ప్రతిక్షేపణో, చరరాశి తొలగింపో వాడి చకచకా సాధించేస్తారు. చిక్కంతా అంతకుముందే ఉంది. సమీకరణం ఎవరూ రాసివ్వకపోతే? పుస్తకాల్లో తండ్రీకొడుకుల వయసుల లెక్కలుంటాయి. నిజంగా తండ్రి వయసు కావాలంటే ఆయన్నే అడుగుతాం కదా! అందుకే ఈరోజు లెక్క వేస్తే తప్ప తేలని విషయం ఎంచుకున్నాను.

డీఏపీ బస్తా మీద 18-46-0 అని ఉంటుంది. అంటే వంద కిలోల్లో 18 కిలోలు నత్రజని, 46 కిలోలు భాస్వరం, పొటాష్ సున్నా. యూరియాలో నత్రజని ఒక్కటే, 46 శాతం. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో పొటాష్ 60 శాతం. వరికి ఎకరాకు నత్రజని 48, భాస్వరం 24, పొటాష్ 16 కిలోలు వేయమన్నారనుకుందాం. నేలను బట్టి, వరి రకాన్ని బట్టి ఈ మోతాదు మారుతుంది. భూసార పరీక్ష చేయించుకున్నవాళ్లు తమ అంకెలు పెట్టుకోవచ్చు.

యూరియా ‘య’ కిలోలు, డీఏపీ ‘డ’ కిలోలు అందాం.

భాస్వరం: 0.46డ = 24
నత్రజని: 0.46య + 0.18డ = 48

డీఏపీ సుమారు 52 కిలోలు, యూరియా 84 కిలోలు వస్తాయి. డీఏపీ ఒక బస్తా పైచిలుకు, 45 కిలోల యూరియా బస్తాలు రెండుకు కాస్త తక్కువ. ఇక్కడ 0.18డ ని వదిలేసి, నత్రజని మొత్తం యూరియాతోనే ఇవ్వాలనుకుంటే 104 కిలోలు కావాలి. అంటే 20 కిలోలు దండగ. దండగతో పోతే ఫర్వాలేదు. నత్రజని ఎక్కువైతే పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది, తెగుళ్లూ పట్టుకుంటాయి.

ఇప్పుడు దుకాణంలో డీఏపీ లేదు, 10-26-26 కాంప్లెక్స్ (మూడు పోషకాలూ కలిసిన ఎరువు) ఉందన్నారు. దాంతోనే 24 కిలోల భాస్వరం ఇవ్వాలంటే 92 కిలోలు వేయాలి. దాంతోపాటు పొటాష్ కూడా 24 కిలోలు పడుతుంది. మనకు కావలసింది 16. సమీకరణం సాధిస్తే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ మైనస్ 13 కిలోలు అని వస్తుంది! పిల్లలు దీన్ని చూసి లెక్క తప్పిందనుకుని కొట్టేస్తారు. నాకైతే ఈ మైనస్సే అన్నిటికన్నా ఇష్టం. చేలో వేసిన పొటాష్‌ని వెనక్కి తీయలేం కాబట్టి, ఈ బస్తా ఒక్కదానితో మోతాదు కుదరదని అది చెబుతోంది. కాంప్లెక్స్‌ని పొటాష్‌కి సరిపోయేలా 61.5 కిలోల దగ్గర ఆపి, తగ్గిన 8 కిలోల భాస్వరానికి ఎక్కడైనా 17 కిలోల డీఏపీ సంపాదించాలి.

ఒక్క మాట. బస్తాలు రెట్టింపైతే పోషకం రెట్టింపవుతుంది, దిగుబడి కాదు. సరళరేఖ బస్తా వరకే.

సరే, దుకాణంలో యూరియా, పొటాష్, 20-20-0-13 మాత్రమే ఉన్నాయి. ఆ చివరి 13 గంధకం, దాన్ని పక్కనపెట్టండి. బోర్డు దగ్గరికి ఎవరొస్తారు?