మొదటి సాకెట్‌లో ఏం పెట్టాలి?

అధ్యక్షులకు, నిర్వాహకులకు, గిటార్లు భుజాన వేసుకుని వచ్చిన పిల్లలందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన టైము అక్కడే అయిపోతుంది. మన్నించాలి.

నన్ను గిటార్ ఆంప్లిఫయర్ల చరిత్ర మీద మాట్లాడమన్నారు. ఒక్క ముక్క చెప్తాను. 1950ల చివర్లో అమెరికాలో ఫెండర్ బాస్‌మన్ అనే ఆంప్‌లో మొదటి ట్యూబు, అంటే గిటార్ శబ్దాన్ని ముందుగా అందుకుని పెంచే గాజు గొట్టం, 12ఏవై7 రకం. 1960ల మొదట్లో లండన్‌లో జిమ్ మార్షల్ షాపువాళ్లు దాదాపు అదే సర్క్యూట్ తీసుకుని జేటీఎం45 కట్టారు. మొదటి చోట మాత్రం ఈసీసీ83 పెట్టారు, అంటే 12ఏఎక్స్7. శబ్దాన్ని ఎంత పెంచగలదో చెప్పే గెయిన్ అంకె 12ఏవై7కి 45 దగ్గర, 12ఏఎక్స్7కి 100. ట్రాన్స్‌ఫార్మర్లు, స్పీకర్లు కూడా మారాయనుకోండి. కానీ తొందరగా గరుకెక్కే ఆ మార్షల్ శబ్దంలో ఈ చిన్న గాజు ట్యూబు వాటా తక్కువేం కాదు. చరిత్ర అయిపోయింది. ఇప్పుడు నా గోడు వినండి.

ఆ మధ్య ఒక కుర్రాడు ఆంప్ తెచ్చాడు. వెంట వాళ్ల నాన్న. వాల్యూమ్ పెంచితే చాలు, ఆంప్ గంటలా మోగుతోంది. "సార్, టెలిఫుంకెన్ వేశాను, పాత స్టాకు" అన్నాడు గర్వంగా. అసలైన జర్మన్ టెలిఫుంకెన్ అయితే అడుగున, పిన్నుల మధ్య గాజులోనే వజ్రం గుర్తు అచ్చయి ఉంటుంది. దీనికి ఆ గుర్తు లేదు. పక్కన పేరు మాత్రం నిన్ననే వేసినట్టు తెల్లగా మెరుస్తోంది. నాన్నగారు జేబులోంచి బిల్లు తీసి చూపించారు. ఆ డబ్బుతో ఇంకో గిటార్ వచ్చేది! అమ్మినవాణ్ణి అడిగితే గాజు వస్తువు వాపసు తీసుకోం అన్నాడట.

నేను కొత్తదేమీ వేయలేదు. ఆంప్ వెనక ఉన్న ట్యూబుల్లో చివరిది, అదీ 12ఏఎక్స్7 రకమే, తీసి మొదటి సాకెట్‌లో పెట్టాను. ఆ వజ్రం లేని టెలిఫుంకెన్‌ని చివరికి పంపాను. మోత ఆగిపోయింది. ఎందుకు? మొదటి ట్యూబులో పుట్టిన శబ్దాన్ని మిగతావన్నీ పెంచుకుంటూ పోతాయి. చివరి చోట పుట్టినదాన్ని పెంచేవాళ్లు తక్కువ. "అయితే ఆ డబ్బు?" అన్నారు నాన్నగారు. ఏం చెప్పను?

ఇక్కడ ట్యూబ్ ఆంప్ ఉన్నవాళ్లు చెయ్యెత్తండి. అబ్బో, చాలామందే ఉన్నారు. కొత్త ట్యూబు కొనే ముందు పెన్సిల్ పుచ్చుకోండి బాబూ. వాల్యూమ్ సగంలో పెట్టి ఒక్కో ట్యూబునీ మెల్లగా తట్టండి. మొదటిది కొంచెం టక్కుమంటుంది, భయపడొద్దు. తట్టడం ఆపాక కూడా మోగుతూనే ఉంటే దాని చోటు మార్చండి.

ఇక ట్యూబుల మీది కంపెనీ పేర్ల సంగతి. ఒకప్పుడు మల్లార్డ్ అంటే ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీ. ఈనాటి మల్లార్డ్, టంగ్‌సోల్, సోవ్‌టెక్, ఎలక్ట్రో హార్మోనిక్స్, ఈ నాలుగూ రష్యాలోని సరాతోవ్‌లో ఒకే ఫ్యాక్టరీలో తయారైనవే. జేజే వాళ్లది స్లొవేకియా. 2022లో యుద్ధం మొదలయ్యాక సరాతోవ్ సరుకు చిక్కుల్లో పడి ధరలెలా ఎగిరాయో మీకు తెలుసు. మన బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు కూడా రేడియో వాల్వులు, అంటే ఇలాంటి ట్యూబులే, చేసేవారు. మా గురువుగారి షాపులో గోడ పొడుగునా ఆ పెట్టెలే. తర్వాత అన్నీ తూకానికి పోయాయి. ఎన్నిసార్లు చెప్పినా నాకు కడుపు మండుతూనే ఉంటుంది... సరే, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు.

పేరు కాదు, గెయిన్ అంకె చూడండి. 12ఏఎక్స్7కి 100, 5751కి 70, 12ఏటీ7కి 60, 12ఏయూ7కి 20 లోపు. పిన్నులు అన్నిటికీ ఒకటే. వాల్యూమ్ రెండు దాటగానే గరగరలాడే ఆంప్ అయితే మొదటి చోట 5751 వేసి చూడండి. శబ్దం శుభ్రపడుతుంది, నాబ్ తిరగడానికి చోటు దొరుకుతుంది. అదే నా మొదటి సలహా. 12ఏటీ7 గుణం వేరు, కొన్ని ఆంపుల్లో గొంతు మొద్దుబారుతుంది. చాలా ఫెండర్లలో రివర్బ్‌ని, అంటే ప్రతిధ్వనిని, నడిపేది అదే, అక్కడ దాన్ని కదపొద్దు. ఈసీసీ88 చూడ్డానికి ఇలాగే ఉంటుంది కానీ ట్యూబుని వేడెక్కించే హీటర్ కనెక్షన్ వేరు. పొరపాటున కూడా పెట్టకండి.

ఒకసారికి ఒక్కటే మార్చండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది ఏం చేసిందో ఆ దేవుడికే తెలియాలి. ఇప్పటిదాకా చెప్పిన ఈ చిన్న ప్రీఆంప్ ట్యూబులకి సాధారణంగా బయాస్ సెట్టింగ్, అంటే ట్యూబులో పారే కరెంటుని సరిచేయడం, అక్కర్లేదు, అది స్పీకర్‌ని నడిపే పవర్ ట్యూబుల గొడవ. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, చల్లారాక నిటారుగా లాగండి. ఛాసీ, అంటే వైర్లున్న ఇనప పెట్టె, మాత్రం విప్పొద్దు. ప్లగ్ తీసినా లోపల కరెంటు దాచుకునే కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు.

బయట బల్ల మీద ఒక ఆంప్, పక్కన నాలుగు రకాల ట్యూబులు పెట్టాను. వాటి మీది పేర్లకి టేపు అంటించాను. టీ తాగాక మీ గిటార్ పట్టుకొచ్చి వాయించి ఏది నచ్చిందో చెప్పండి. అమ్మకానికి కాదు, అడగొద్దు.