బెల్ బాటమ్స్ మళ్ళీ వచ్చాయి: కొత్తది కొనాలా, పాతది వెతకాలా, ఉన్న జీన్స్‌కే గంట కట్టాలా?

నమస్కారం. టేబుల్ మీద మూడు జతలున్నాయి, చూడండి. ఎడమ పక్కది 1970ల కాలం నాటిది, సెకండ్ హ్యాండ్. మధ్యలోది ఇప్పటి కొత్త ఫ్లేర్ జీన్స్, ట్యాగ్ మీద ‘రెట్రో’ అని పెద్ద అక్షరాలు. కుడి పక్కది మామూలు స్ట్రెయిట్ జీన్సే, పక్క కుట్టు విప్పి త్రికోణం ముక్క వేసి బెల్ బాటమ్ చేసింది. హ్యాంగర్‌కి వేలాడదీస్తే మూడూ అన్నదమ్ముల్లా ఉంటాయి. వేసుకుని నాలుగడుగులు వేస్తే దేని గుట్టు దానిది బయటపడుతుంది.

ముందు టేపు తియ్యండి. బెల్ బాటమ్ అంటే కింద వెడల్పుగా ఉన్న ప్యాంటు అని చాలామంది అనుకుంటారు, అక్కడే పప్పులో కాలేస్తారు. చూడాల్సింది మోకాలి లూజుకీ కింది అంచు లూజుకీ, అంటే రెండు చోట్లా చుట్టుకొలతకీ, మధ్య తేడా. ఒకటి రెండు అంగుళాలుంటే బూట్ కట్. నాలుగైదు దాటితే ఫ్లేర్. ఏడెనిమిది వస్తేనే అసలు గంట ఆకారం. ఈ అంకెలు కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ అవుతాయి. కానీ మోకాలి దగ్గర 21, కింద 24 ఉన్న ప్యాంటుని ఎవరు ఏ పేరుతో అమ్మినా అది బెల్ బాటమ్ కాదు, వదులు ప్యాంటు. ఆన్‌లైన్‌లో అంచు కొలత ఇస్తారు, మోకాలిది ఇవ్వరు. అడగండి. ప్యాంటుని బల్ల మీద పరిచి కొలిచిన అంకె చెబితే దాన్ని రెండింతలు చేసుకోవాలి.

ఇంకో మాట. ‘నడుం పైదాకా వస్తేనే డెబ్బైల స్టైల్’ అన్నది సగం నిజం. 1960ల చివర్లో కుర్రకారు వేసుకున్న హిప్ హగ్గర్లు తుంటి మీదే కూర్చునేవి. అంతకుముందు నావికుల ప్యాంట్లకి ఈ గంట ఆకారం ఉండేది. మిలిటరీ మిగులు సరుకు దుకాణాల్లో అవి చవగ్గా దొరికితే పిల్లలు ఎగబడ్డారు, జీన్స్ కంపెనీ లెవైస్ 1969లో 646 అనే బెల్ బాటమ్ మోడల్ దించింది. 1990ల చివర్లో ఇదే ఆకారం లో వెయిస్ట్‌తో మళ్ళీ వచ్చింది. ఇప్పుడు ‘సెవెంటీస్’ పేరుతో అమ్ముతున్న వాటిలో కొన్ని నిజానికి ఆ రెండో రాకడ నాటి కటింగే. తప్పేం లేదు, ఏది కొంటున్నారో తెలిస్తే చాలు.

ఇక కొత్త జత. గుడ్డలో 98 శాతం కాటన్, 2 శాతం ఎలాస్టేన్, అంటే సాగే దారం. తొడల దగ్గర హాయిగా ఉంది, కూర్చుంటే పట్టెయ్యదు. చిక్కు మోకాలి కింద. ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నాను: మోకాలి దగ్గర పట్టుకుని ఒకసారి విదిలిస్తే అంచు తడి గుడ్డలా కాలికి చుట్టుకుంటోంది. పాత జత అలా కాదు, విదిలించగానే విచ్చుకుని నిలబడింది. బరువులో ఉంది తేడా అంతా. బరువైన డెనిమ్ చదరపు గజానికి 14 ఔన్సుల దాకా తూగుతుంది, ఇలాంటి స్ట్రెచ్ గుడ్డలు చాలావరకు 9 నుంచి 11. కొనేముందు ఈ విదిలింపు పరీక్ష చెయ్యండి, ట్యాగ్ చదవడం కంటే నయం.

రెండో పరీక్ష, కాలు మెలి తిరగడం. డెనిమ్ ఏటవాలు నేత. ఉతికాక గుడ్డ ఆ వాలు వైపు లాగుతుంది, దాంతో పక్క కుట్టు మెల్లగా ముందుకో వెనక్కో జరుగుతుంది. మామూలు జీన్స్‌లో అది పెద్దగా కనపడదు. ఫ్లేర్‌లో మాత్రం ఘేరం (కింద విచ్చుకునే వెడల్పు) అంతా ఒక పక్కకి పోయి, నడుస్తుంటే ఒక కాలికి తెర కట్టినట్టుంటుంది. లోపలి కుట్టునీ బయటి కుట్టునీ అంచు దగ్గర కలిపి పట్టుకుని కాలు బల్ల మీద పరవండి. కుట్లు కలిశాక కూడా గుడ్డ ముడతలు పడి మెలి తిరుగుతుంటే ఆ జత పక్కన పెట్టెయ్యండి, ఇస్త్రీకి లొంగే జబ్బు కాదది.

పాత జత గుడ్డ బంగారం. అయినా కళ్ళు మూసుకుని కొనకూడదు. లోపల చెయ్యి పెట్టి సీటు భాగాన్నీ తొడల మధ్యనీ వెలుతురుకి ఎత్తి చూడండి. జల్లెడలా వెలుగు కనపడితే రెండు మూడు ఉతుకులకే చిరుగుతుంది. గుడ్డ గట్టిగా ఉన్నా దారం పుచ్చి ఉండొచ్చు, కుట్టుని రెండు వైపులా పట్టుకుని మెల్లగా లాగితే పుటుక్కుమంటుంది. దానికి భయపడక్కర్లేదు, దారం మార్చి కుట్టిస్తే సరి. మెటల్ జిప్ బిగుసుకుంటే కొవ్వొత్తి మైనం పళ్ళ మీద రుద్దండి. లేబుల్ మీద సైజు అంకెని అసలు నమ్మొద్దు, సైజుల లెక్క ఇన్నేళ్ళలో మారిపోయింది. లెవైస్ వెనక జేబు ఎర్ర ట్యాగ్ మీద కంపెనీ పేరులోని ఇంగ్లీషు ‘E’ క్యాపిటల్ అక్షరంలో ఉంటే 1971కి ముందుదని చెబుతారు, అది నిజమే. కాకపోతే ట్యాగ్ కుట్టడం ఎవరికైనా చేతనవుతుంది. పైగా పాత డిజైన్లని మళ్ళీ తయారుచేసిన జతల మీద కంపెనీయే ఆ క్యాపిటల్ అక్షరం వేస్తుంది.

నా ఓటు మాత్రం మూడోదానికి. ఇంట్లో వాడకుండా పడున్న, స్ట్రెచ్ లేని స్ట్రెయిట్ జీన్స్ చాలు. అరవైల చివర్లో పిల్లలు చేసింది కూడా ఇదే.

చాలా జీన్స్‌కి లోపలి కుట్టు మడత వేసిన జంట కుట్టు, విప్పాలంటే ప్రాణం పోతుంది. బయటి కుట్టు ఒంటి కుట్టు, గుడ్డ అంచు పీచు లేవకుండా ఓవర్‌లాక్, అంతే. కాబట్టి బయటిదే విప్పండి, కింది అంచు నుంచి మోకాలి చిప్ప కింద దాకా, సుమారు 15 అంగుళాలు. అంచు మడత కూడా విప్పాలి. త్రికోణం ముక్క ఎత్తు 15 అంగుళాలు, అడుగు వైపు వెడల్పు 6 అంగుళాలు, రెండు పక్కలా అరంగుళం చొప్పున కుట్టుకి వదలండి, కింద మడతకి వేరే. అంచు 16 ఉన్నది 22 అవుతుంది.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు, అడుగు గీత సూటిగా కొయ్యడం. శిఖరం నుంచి మధ్యకి 15 అయితే, మూలలకి 15.3. సూటిగా కోస్తే మధ్యలో గుడ్డ పావు అంగుళం పైనే తక్కువపడి అంచు పైకి లేస్తుంది. శిఖరం దగ్గర టేపు పట్టుకుని 15.3 దగ్గర చాక్‌తో వంపు గీయండి. ముక్క మధ్య గీత పడుగు (గుడ్డ నిలువు దారాలు) వెంట ఉండాలి, ఏటవాలుగా కోస్తే వారానికి సాగి వేలాడుతుంది. కొయ్యకముందే కొత్త గుడ్డని ఒకసారి ఉతికి ఆరెయ్యండి. 3 శాతం కుంచించుకున్నా 15 అంగుళాల మీద దాదాపు అరంగుళం పోతుంది, అప్పుడు పక్కలు గుంజుకుంటాయి.

కుట్టేది పైనుంచి కిందికి. కింద నుంచి మొదలుపెడితే మిగిలిన గుడ్డంతా శిఖరం దగ్గర పోగై మోకాలి మీద ముక్కులా పొడుచుకొస్తుంది. 16 నంబరు జీన్స్ సూది, కుట్టు పొడవు 3 నుంచి 3.5 మిల్లీమీటర్లు. పాత కుట్టు ఎక్కడ ఆగిందో సరిగ్గా ఆ బిందువు దగ్గర సూది దింపి, ఒక పక్క కిందదాకా కుట్టి, మళ్ళీ అదే బిందువుకి వచ్చి రెండో పక్క. నడిచినప్పుడల్లా లాగుడంతా ఆ బిందువు మీదే పడుతుంది. లోపల రూపాయి బిళ్ళంత కాటన్ ముక్క పెట్టి గట్టి చెయ్యకపోతే చిరుగు అక్కడే మొదలవుతుంది. ఒక్క పక్కే విప్పాం కాబట్టి ఘేరం బయటికి ఎక్కువ విచ్చుకుంటుంది, దీనికున్న లోపం అదొక్కటే. రెండు పక్కలా మూడేసి అంగుళాలు వేస్తే గంట చక్కగా వస్తుంది కానీ ఆ జంట కుట్టు విప్పే ఓపిక ఉండాలి.

వెంటనే అంచు మడవొద్దు. ఒక రాత్రంతా నడుము పట్టుకి క్లిప్పులు పెట్టి వేలాడదియ్యండి, సాగేది సాగాక మడవండి. మడత అరంగుళమే. కింద వెడల్పైన గుడ్డని పైనున్న సన్నటి భాగం మీదికి మడుస్తున్నాం కదా, మడత పెద్దదైతే గుడ్డ మిగిలిపోయి అంచంతా అప్పడంలా వంకర్లు తిరుగుతుంది.

రెడీమేడ్ ఫ్లేర్ పొడవైందని కింద కోయించేవాళ్ళు ఒక లెక్క చూసుకోండి. మోకాలి దగ్గర 16, పదహారు అంగుళాల కింద అంచు 24. అంటే ప్రతి అంగుళానికీ అరంగుళం ఘేరం. నాలుగంగుళాలు కోస్తే అంచు 22కి పడిపోతుంది, పైగా మోకాలి దగ్గరి నొక్కు ఉన్నచోటే ఉంటుంది, అంటే పొడవు ఎక్కువైనప్పుడు అది పిక్క మీదికి దిగిపోయి ఉంటుంది. కోత దాన్ని పైకి తేలేదు. రెండంగుళాలు దాటి కొయ్యాల్సి వస్తే ఆ సైజు మీది కాదు.

పొడవు కొలిచేటప్పుడు ఏ చెప్పులతో వేసుకుంటారో అవి తొడుక్కునే నిలబడండి. మడమ దగ్గర నేలకి అరంగుళం పైన ఆగాలి. సైకిల్ తొక్కేవాళ్ళు చైన్ వైపు కాలికి రబ్బరు బ్యాండో క్లిప్పో వేసుకోండి, 24 అంగుళాల అంచు చైన్లో పడితే ప్యాంటే కాదు, మనిషీ పడతాడు.